రంగం వెళ్ళినవారు, రంగం నుంచి వచ్చినవారు

సొసైటీ కార్యవర్గం వారు ఈ ఏటి సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాసి ఇమ్మని కోరినప్పుడు, గోల్కొండ సుల్తానుల గురించో ఆర్కాటు నవాబుల గురించో రాద్దామని మేము మొదట అనుకున్నాము. అంతలో మా స్కూల్లో ఒక చిన్న సంగతి జరిగింది. ఏడో తరగతి పిల్లలకు ఆసియా పటం గోడకు తగిలించి బంగాళాఖాతం చూపిస్తున్నాము. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి, "సార్, మమ్మల్ని అందరూ బర్మావాళ్ళు అంటారెందుకు? మా అబ్బా కూడా బర్మా చూడలేదు కదా?" అన్నాడు. తక్కిన పిల్లలు పక్కున నవ్వారు. వాడు ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఒక పీరియడ్‌లో చెప్పగలిగేది కాదు. పైగా ఆ నవ్వు పిల్లలకు ఎక్కడి నుంచి అబ్బిందో మనకు తెలియనిది కాదు. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు "పిల్ల మంచిదే గానీ, వాళ్ళు బర్మావాళ్ళండీ" అని మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి అనడం మేము స్వయంగా విన్నాము. అందుచేత సుల్తానులను వచ్చే ఏడాదికి వదిలి, మన గడప ముందున్న చరిత్రనే రాయ సంకల్పించాము.

ఉత్తరాంధ్ర పల్లెల్లో మొన్నమొన్నటిదాకా ముసలివారు రంగూన్ అనేవారు కాదు, రంగం అనేవారు. "వాడు రంగం పోయాడు" అంటే సముద్రం దాటి డబ్బు సంపాదించడానికి వెళ్ళాడని అర్థం. బర్మా వాళ్ళేమో మన తెలుగు కూలీలను కొరంగీలు అని పిలిచేవారు. కాకినాడ దగ్గర గోదావరి పాయ మీదున్న కోరంగి రేవు పేరు అది. 1839 తుఫాను ఆ రేవును నేలమట్టం చేసింది. రేవు పోయింది గాని దాని పేరు మాత్రం పరాయి దేశంలో ఒక జాతి పేరుగా, కొన్నాళ్ళకు ఒక తిట్టుగా కూడా మిగిలిపోయింది.

అసలు అంతమంది అక్కడికి ఎందుకు వెళ్ళారు? ఇంగ్లీషువాళ్ళు 1852 యుద్ధంలో దిగువ బర్మాను పట్టుకున్నారు. ఐరావతి నది ముఖద్వారం దగ్గర భూమి అప్పటికి చాలావరకు అడవి, బురద. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. అడవి నరికి వరి వేశారు. రంగూన్‌లో, బసీన్‌లో, మౌల్మేన్‌లో రైసు మిల్లులు లేచాయి. వరి పండించడానికి ఎగువ బర్మా నుంచి రైతులు దిగివచ్చారు గాని, మిల్లుల్లో బస్తాలు మోయడానికీ, రేవులో ఓడలకు ఎత్తడానికీ మనుషులు చాలలేదు. సరిగ్గా ఆ కాలంలోనే మన వైపు కరువులు. 1866లో గంజాంలో తిండిలేక జనం రాలిపోయారు. 1876లో మొదలైన కరువు మద్రాసు రాజధాని యావత్తునూ పీల్చివేసింది. అక్కడ చేతులు కావాలి, ఇక్కడ నోళ్ళు నిండాలి. మధ్యలో స్టీమరు కంపెనీ, దాని వెనక సర్కారు.

ఫిజీ, మారిషస్, నేటాల్ వెళ్ళినవారు అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్ళారు. బర్మాకు ఆ ఒప్పందం లేదు, మేస్త్రీ ఉన్నాడు. మేస్త్రీ ఊరికి వచ్చి ఓడ టికెట్టు, ఇంటి ఖర్చుకు కొంత బయానా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలీ వాడి మనిషే. మిల్లు యజమాని ఇచ్చే జీతం మేస్త్రీ చేతికి వచ్చి, అక్కడ కొంత తరిగి, ఆ తరువాత కూలీకి చేరేది. కాగితం మీద స్వేచ్ఛ ఉన్నది, చేతిలో లేదు. ఈనాడు గల్ఫ్ ఏజెంటుకు పొలం తాకట్టు పెట్టి వెళ్ళే మన కుర్రవాళ్ళకు ఈ లెక్క మేము విడమర్చి చెప్పనక్కరలేదు.

విశాఖపట్నం హార్బరు తెరిచినది 1933లో. అంతకు ముందు స్టీమరు దూరంగా సముద్రంలోనే నిలిచేది. జనం మసూలా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ దాకా వెళ్ళి ఎక్కవలసిందే. కాకినాడలోనూ, భీమునిపట్నం, కళింగపట్నం, బారువలలోనూ అంతే. డెక్ మీద చాప పరచినంత జాగా. ఓడ కదిలేటప్పుడు మనవాళ్ళు దర్గా కొండ కనుమరుగయ్యేదాకా అటే చూస్తూ నిలబడేవారని మా నానీగారు చెప్పేవారు. ఆమెకు అది వాళ్ళ అబ్బా చెప్పిన మాట.

దిగిన తరువాత మొదటి కష్టం వాన. మన విశాఖలో ఏడాదికి పడేది సుమారు 40 అంగుళాలు. రంగూన్‌లో 100 అంగుళాలు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లోనే కుమ్మరిస్తుంది. బట్ట ఆరదు, చెప్పు బూజు పడుతుంది, చలిజ్వరం వదలదు. కూలీల లాడ్జింగ్ ఇళ్ళల్లో ఒక షిఫ్టువాడు లేచిన చాప మీదనే రెండో షిఫ్టువాడు పడుకునేవాడు. అక్కడి చేపల ముద్ద నప్పి వాసన మొదట్లో కడుపులో తిప్పేదట. ఆరు నెలలు పోయాక అది లేనిదే ముద్ద దిగేది కాదట! మా నానీగారు చనిపోయేదాకా ఎండుచేపలు నూరి పచ్చడి చేసి, ఇది నప్పి కాదు, నప్పికి నకలు అనేవారు.

రంగూన్‌లో ముస్లింలు ఒక్క రకం వాళ్ళు కారు. సూరత్, రాందేర్ నుంచి వచ్చిన వర్తకులు సూర్తీలు. వాళ్ళ జామా మసీదు మొగల్ స్ట్రీటులో ఉన్నది. తమిళ తీరం నుంచి వచ్చినవారు చూలియాలు, వాళ్ళకు వేరే మసీదు. ఇరానీ మొగలులకు మరొకటి. ఐరావతి మీద నడిచే లాంచీల్లో చిట్టగాంగు సరంగులు. మన తీరపు ముస్లింలు సంఖ్యలో తక్కువ, డబ్బులో ఇంకా తక్కువ. మేము విన్నంతవరకు దర్జీలు, టీ దుకాణాల్లో పనివాళ్ళు, మిల్లు కూలీలు. మసీదు సఫ్‌లో పక్కపక్కనే నిలబడ్డారు గాని, సూర్తీ సేఠు కొడుకుకు కొరంగీ దర్జీ కూతుర్ని చేసుకున్నారని మాత్రం మేము ఎన్నడూ వినలేదు. ఈ మాట చేదుగా ఉన్నా రాయవలసి వస్తున్నది.

ఉర్దూ పంతుళ్ళం గనుక ఒక సంగతి దాటిపోలేము. ఈ కూలీలకంటే ముందు రంగూన్‌కు బలవంతాన వెళ్ళిన పరదేశి ఒకాయన ఉన్నాడు. చివరి మొగలు బాదుషా బహదూర్ షా జఫర్ 1858లో ఢిల్లీ నుంచి బయలుదేరదీయబడి, 1862 నవంబరు 7న అక్కడే కన్నుమూశాడు. గుర్తు దొరకకుండా పాతిపెట్టారు. 1991లో తవ్వకాల్లో అసలు సమాధి బయటపడింది. 1885లో బర్మా రాజు థీబాను పట్టుకుని ఇంగ్లీషువాళ్ళు మన దేశానికి, రత్నగిరికి పంపారు. మన బాదుషా అక్కడి మట్టిలో, వాళ్ళ రాజు ఇక్కడి మట్టిలో కలిశారు. ఆ రెండు దేశాల బీదవాళ్ళు మాత్రం ఒకే రేవులో కూలి కోసం కొట్టుకున్నారు.

ఇక లెక్కలు చూడండి. 1927లో ఒక్క ఏడాదిలో నాలుగు లక్షలకు పైగా మనవాళ్ళు బర్మాలో దిగారు. అదే ఏడాది మూడు లక్షలకు పైగా తిరుగు ఓడ ఎక్కారు. ఈ రెండు అంకెలూ కలిపి చదువుకోవాలి. వెళ్ళినవాడు ఉండిపోవడానికి వెళ్ళలేదు. రెండు మూడేళ్ళు చేసి, అప్పు తీర్చి, చెల్లెలి పెళ్ళి చేసి, మళ్ళీ వెళ్ళేవాడు. అయినా 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగం మందికి పైగా మనవాళ్ళే. బర్మావాడు తన రాజధానిలో తానే తక్కువయ్యాడు. వాడి కోపం మనకు నచ్చకపోవచ్చు, అర్థం కాకపోవడానికి మాత్రం వీలులేదు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దింపాయి. తీరా సమ్మెవాళ్ళతో రాజీ కుదరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నాయి. మే 26న పనికని వచ్చిన వాళ్ళకు ఆ సంగతి అక్కడికి వచ్చాకగాని తెలియలేదు. మన కూలీలు నవ్వారని అంటారు. కొట్లాట మొదలైంది. సర్కారు లెక్క ప్రకారమే వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళు. పెట్టుబడి పెట్టినవాడికి మాత్రం గీత కూడా పడలేదు. ఆ ఏడాదే బియ్యం ధర పడిపోవడంతో బర్మా రైతుల భూములు బాకీల కింద చెట్టియార్ల చేతుల్లోకి పోవడం మొదలైంది. కోపానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి వేరైంది. మరుసటి ఏడాది జులై 26న, ఒక పుస్తకంలో బౌద్ధ ధర్మాన్ని కించపరిచారనే మాట మీద రంగూన్‌లో అల్లర్లు రేగాయి. ఈసారి గురి ముస్లింల మీదనే. ఇళ్ళు, దుకాణాలు, మసీదులు కాల్చారు. ఇందులో అన్యాయం చాలా ఉన్నది, దాన్ని తక్కువ చేసి రాయబోము. కాని ఆ కోపం వెనక మరొక విషయం ఉన్నది, దాని గురించి మన పెద్దలు నోరు విప్పరు. వెళ్ళినవారిలో మగవాళ్ళే అధికం. చాలామంది అక్కడి ఆడపిల్లలను నిఖా చేసుకున్నారు. ఆ సంతానాన్ని జెర్బాదీలు అనేవారు, 1931 నాటికే వాళ్ళు లక్షకు పైగా. అందులో మంచి కాపురాలు వేలు ఉన్నాయి. కాని ఊరు వెళ్ళి వస్తానని చెప్పి, ఓడ ఎక్కి, తిరిగి వెళ్ళనివాళ్ళు కూడా ఉన్నారు. ఆ భార్యల వారసత్వపు హక్కుల కోసం 1939లో అక్కడ ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. చట్టం ఊరికే పుట్టదు గదా!

అట్లాగని అంతా చీకటే కాదు. భారతీయ తండ్రికీ బర్మా తల్లికీ పుట్టిన యు రజాక్ అనే ఆయన మాండలేలో నేషనల్ హైస్కూలు హెడ్మాస్టరు. పాలీ, బౌద్ధం కూడా చదివిన ముస్లిం. ఆంగ్ సాన్ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యాడు. 1947 జులై 19న ఆంగ్ సాన్‌తోపాటు ఒకే గదిలో కాల్పులకు బలి అయ్యాడు. ఆ దేశం ఇప్పటికీ జులై 19ని అమరవీరుల దినంగా పాటిస్తుంది. ఆ పేర్లలో ఒక స్కూలు మాస్టరు పేరు ఉండడం మా వృత్తివాళ్ళకు గర్వకారణం.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మరుసటి మార్చి 8న నగరం వాళ్ళ చేతికి చిక్కింది. ఈ మధ్య నెలల్లో మనవాళ్ళు నడిచారు. రేవుల్లో పని ఆగిపోతుందన్న భయంతో సర్కారు మొదట్లో కూలీలను కదలనివ్వకుండా చూసింది, తరువాత ఓడలు చాలలేదు. ప్రోమ్ మీదుగా తౌంగప్ కనుమ దాటి అక్యాబ్, చిట్టగాంగు వైపు కొందరు, మాండలే మీదుగా తాము, ఇంఫాల్, దిమాపూర్ వైపు మరికొందరు. రమారమి నాలుగైదు లక్షలమంది. కలరా, ఆకలి, అడవి జ్వరం. దారిలో పోయినవారిని ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు, పదివేలనేవారూ ఉన్నారు, యాభైవేలనేవారూ ఉన్నారు. మా నానీగారికి అప్పుడు నాలుగేళ్ళు. వాళ్ళ అబ్బా కుట్టుమిషను తల మాత్రం విప్పి ఒక భుజాన, కూతుర్ని ఒక భుజాన వేసుకుని నడిచాడు. కొన్నాళ్ళకు మిషను తలను ఒక చెట్టు కింద వదిలేశాడు. మిగతాదంతా మరిచిపోయిన మా నానీగారు ఆ చెట్టును మరిచిపోలేదు. వీళ్ళింకా అడవిలో ఉండగానే, ఏప్రిల్ 6న, విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. ఏ ఊరు క్షేమమని నడుస్తున్నారో ఆ ఊరి పరిస్థితీ అంతే.

ఇంత జరిగాక కూడా యుద్ధం ముగియగానే చాలామంది మళ్ళీ రంగం వెళ్ళారు. మా పర్‌నానా 1946లో కుటుంబంతో వెళ్ళాడు. ఏం చేస్తాడు మరి? ఇక్కడ గుంట భూమి లేదు, అక్కడైతే దుకాణం పేరు తెలిసిన ఖాతాదార్లున్నారు. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. చాలామంది పెట్టలేదు. ఎప్పటికైనా ఊరు వెళ్ళిపోయేవాళ్ళమే కదా అనే మాట మీదనే ఇరవై ఏళ్ళు గడిపారు. విదేశీయుల రిజిస్ట్రేషను కార్డు మీద ఏటేటా ముద్ర వేయించుకుంటూ, పుట్టిన పిల్లలకు కూడా అదే చేయించారు. మా దృష్టిలో మనవాళ్ళు చేసిన పెద్ద పొరపాటు ఇది. చదువు లేనందువల్ల జరిగింది కొంత, మనసు రెండు ఒడ్డుల మధ్య ఊగినందువల్ల కొంత.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలను సర్కారు స్వాధీనం చేసుకున్నది. మే 17న యాభై, నూరు చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. దుకాణం పోయింది, పెట్టెలో దాచినదీ పోయింది. కార్డు చూసి, మీరు విదేశీయులు, వెళ్ళవచ్చు అన్నారు. తరువాత కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షలమంది ఓడల్లో మద్రాసుకూ, విశాఖకూ, కలకత్తాకూ చేరారు. మా నానీగారు 1965లో ముగ్గురు పిల్లలతో, ముసలి తండ్రితో దిగారు. చెవి కమ్మలు కూడా రేవులోనే తీసుకున్నారట. ఇక్కడ ఇంకొక కార్డు ఇచ్చారు, దాని మీద కాందిశీకులు అని రాసి ఉన్నది. అక్కడ కొరంగీ, ఇక్కడ బర్మావాళ్ళు.

అయినా నిలదొక్కుకున్నారు. మద్రాసు బీచ్ స్టేషను పక్కన 1969లో వెలసిన బర్మా బజారు సంగతి మీకు తెలుసు. ఆ ఏడాదే కాందిశీకుల కోసం రెప్కో బ్యాంకు పుట్టింది. మన విశాఖలో బర్మా క్యాంపు పేట పేరు ఈనాటికీ అందరి నోటా ఉన్నది, అది ఎలా వచ్చిందో అక్కడ పుట్టిన కుర్రవాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1989లో బర్మా పేరు మయన్మార్ అయింది, రంగూన్ యాంగోన్ అయింది. రంగం అన్నమాట తెలిసినవారు ఇక మనలో వేళ్ళమీద లెక్కించదగినంతమందే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. ఇది రాయాలా వద్దా అని మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా అమ్మగారు రాయమన్నారు.

మా నానీగారు పోయిన తరువాత ఆమె రేకు పెట్టె తెరిచాము. రిజిస్ట్రేషను కార్డులు, ఓడ చీటీ, తండ్రిగారి కొలతల పుస్తకం ఉన్నాయి. ఆ పుస్తకంలో ఒక ఫొటో. లుంగీ కట్టి, తలకు చిన్న రుమాలు చుట్టి, కుర్చీ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు. వెనకవైపు గుండ్రటి బర్మా అక్షరాలు. ఇంట్లో ఎవరికీ చదవరాదు. ఎవరీ పిల్లవాడని అడిగితే మా మామగారు, "వదిలెయ్యి బేటా, పాత సంగతులు" అన్నారు. మేము వదలలేదు. బర్మా క్యాంపులో ఒక ముసలావిడ ఇంకా చదవగలరని తెలిసి తీసుకువెళ్ళాము. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి నెమ్మదిగా చదివారు. ఒక పేరు, ఊరు మౌల్మేన్, వయసు నాలుగేళ్ళు, పంపించినది తల్లి. సంవత్సరం చూస్తే మా నానీగారు పుట్టడానికి ఏడేళ్ళ ముందుది.

"ఈ అబ్బాయి మీకేమవుతాడు బాబూ?" అని అడిగారావిడ.

మేము వేళ్ళమీద లెక్క వేసుకుని, "మా నానీకి అన్నగారండీ. మాకు నానా వరస" అన్నాము. పైకి ఆ వరస కలిపి అనడం మా కుటుంబంలో అదే మొదటిసారి.

ఆయన ఈపాటికి ఉండకపోవచ్చు. పిల్లలు, మనుమలు ఉండవచ్చు. అక్కడ 1982లో వచ్చిన కొత్త పౌరసత్వ చట్టం కింద, తాత ఎక్కడివాడో చూపే కాగితం కోసం వాళ్ళు ఎన్ని ఆఫీసులు తిరిగారో. ఆ కాగితం ఇన్నాళ్ళూ మా ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నది.

మన సొసైటీలో సభ్యులైన బర్మా కుటుంబాల వివరాలు ఒక రిజిస్టరులో రాసిపెట్టాలని కార్యవర్గం ముందు మేము కోరాము, వారు దయతో ఒప్పుకున్నారు. కార్డు గాని, ఓడ చీటీ గాని, ఉత్తరం గాని, పేరు తెలియని ఫొటో గాని ఉన్నవారు ఆదివారం జొహర్ నమాజు తరువాత సొసైటీ ఆఫీసుకు తీసుకురావలసిందిగా మనవి. అసలు కాగితం ఇవ్వనక్కరలేదు, నకలు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చివేస్తాము. బర్మా అక్షరాలు చదివే ఆ పెద్దావిడ కూడా వస్తానన్నారు. మా తరగతిలోని ఆ కుర్రవాడు రిజిస్టరుకు గీతలు గీసే పని తనకు ఇమ్మని అడిగాడు. వాడికే ఇచ్చాము.